మేనేజరు కళ్ళు తెరిచేదాకా

మేనేజరు ఊపిరి తీస్తే అల్లుడూ తీశాడు, మేనేజరు వదిలితే అల్లుడూ వదిలాడు, మధ్యలో మేనేజరు కాస్త ఆలోచించుకుందామన్నట్టు ఆగితే అల్లుడి ప్రాణం పైకెళ్ళి పైనే వేలాడింది, ఆ గోధుమరంగు పొట్ట మళ్ళీ మెల్లగా లేచాక గాని కిందికి దిగలేదు. మేనేజరంటే కుక్క. సెలూన్లో రెండో కుర్చీ కింద, రాలిన జుట్టంతా తనకోసమే పరిచారన్నట్టు దాని మీద పడుకుని, వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ ఒంటికన్నుతో చూస్తూ, పని మాత్రం ఏమీ చెయ్యదు కాబట్టి మావయ్య దానికి ఆ ఉద్యోగం ఇచ్చాడు. అల్లుడంటే ఆ మావయ్యకి మేనల్లుడు. పొద్దస్తమానం "ఒరేయ్ అల్లుడూ" అని ఆయన పెట్టే కేకలకి వీధి వీధంతా అతన్ని అల్లుడనే పిలుస్తుంది, పిల్లనిచ్చిన మామ ఇంకెక్కడో ఉన్నా. ఆఖరికి ఈ పశువుల ఆస్పత్రి డాక్టరమ్మ కూడా "అల్లుడుగారూ" అంటుంది. మొదట్లో ఇద్దరికీ కాస్త ఇబ్బందిగా ఉండేది, తర్వాత అలవాటైపోయింది. ఆ డాక్టరమ్మే ఇందాక దానికి ఆపరేషన్ ముగించి చేతి తొడుగులు విప్పుతూ చెప్పింది, చిగుళ్ళు చూస్తుండండి, వేలితో నొక్కితే తెల్లబడాలి, వదిలితే మళ్ళీ గులాబీ రంగు రావాలి, చెవులు చల్లబడితే వేడినీళ్ళ సీసాలు మార్చండి, కదలకండి, మాట్లాడుతూ ఉండండి, తెలిసిన గొంతు వింటే మూగజీవాలు తొందరగా తేరుకుంటాయి. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "అది తలెత్తాక మీ సంగతి కూడా చెప్పెయ్యాలి నాకు. సాయంత్రం ఆ అసిస్టెంటు ట్రైనింగు వాళ్ళకి ఔననో కాదనో చెప్పాలి" అంది.

మాట్లాడాలట. జీవితంలో ఎవరూ అతన్ని మాట్లాడమని అడగలేదు, ఆపమనే అడిగారు. కుర్చీలో మనిషి కూర్చుని మెడకి గుడ్డ చుట్టగానే అల్లుడి నోరు దానంతటదే తెరుచుకునేది, ఎండల గురించి, ధరల గురించి, ఫలానావాళ్ళ గోడ ఫలానావాళ్ళ గోడ మీద పడడం గురించి, చేతులు ఒక దారిన పోతుంటే నోరు ఇంకో దారిన పోయేది, రెండూ మెడ వెనక జుట్టు దులిపే దగ్గర కలుసుకునేవి. ఇప్పుడు చల్లటి గచ్చు మీద బాసింపట్టు వేసుకుని, దుప్పట్లో చుట్టిన కుక్క తల తొడ మీద పెట్టుకుని కూర్చుంటే, ఒక్క ముక్క రావట్లేదు. స్పిరిట్ వాసన. పైన ఫ్యాను తిరగనా మాననా అంటోంది. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ ఒక పలకలా వచ్చి గచ్చు మీద పడి, దాని తోక దాకా వచ్చి ఆగింది. అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "ఎంత తగ్గించమంటారు సార్?" అన్నాడు. అలవాటు. తనకే నవ్వొచ్చింది, నవ్వు సగంలోనే ఆగిపోయింది, ఎందుకంటే తగ్గించిన చోటు కనపడింది. దుప్పటి అంచు పక్కకి జరిగి, కట్టు చుట్టూ గీసిన పొట్ట, నున్నగా, నాలుగు మూలలూ దిద్దినట్టుగా, గీత కొట్టినట్టుగా.

అదే, ఆ గీతే కొంప ముంచింది. పొట్ట మీద జుట్టు తియ్యండి అంది డాక్టరమ్మ, కుక్క అప్పటికే మత్తులో ఉంది, అతను మెషీన్ పెట్టి తీశాడు, బాగానే తీశాడు, అక్కడితో ఆపితే ఎంత బాగుండేది! కాని ఎదురుగా నున్నటి చర్మం, పక్కన జుట్టు, రెండిటికీ మధ్య వంకరటింకర గీత కనిపిస్తే ఇన్నేళ్ళ చెయ్యి ఊరుకుంటుందా? చెంప దగ్గర దిద్దినట్టు దిద్దింది. మూలలు పదును చేసింది. ఆ తర్వాత ఆ చెయ్యి, అతన్ని అడక్కుండానే, తన పెట్టెలోకి వెళ్ళి, పౌడరు డబ్బా తీసి, చకచకా చల్లి, మెత్తగా తట్టి, నోటితో ఉఫ్ అని ఊదింది కూడా. అద్దం పట్టుకుని వెనక చూపించడం ఒక్కటే తక్కువ. డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చి చూసింది. "ఏంటండీ అల్లుడుగారూ ఇది? పెళ్ళికొడుకునా ముస్తాబు చేస్తున్నారు?" అంది. అక్కడిదాకా నవ్వులాగే ఉంది. "ఈ పొడి ఒక్క రేణువు కోసినచోట లోపల పడితే ఏమవుతుందో తెలుసా?" అంది, ఆ మాటలో మాత్రం నవ్వు లేదు. తనే వంగి, మందునీళ్ళతో తుడిచింది, మళ్ళీ తుడిచింది, దూది మారుస్తూ తుడుస్తూనే ఉంది, ఆ తుడిచినంత సేపూ మేనేజరు అదనంగా మత్తులో ఉంది. అల్లుడు గోడకి ఆనుకుని, పౌడరు డబ్బా వీపు వెనక దాచుకుని, దొంగతనం చేస్తూ దొరికినవాడిలా నిలబడ్డాడు.

సెలూన్లో తప్పులు మొలుస్తాయి. అదీ ఆ వృత్తిలో ఉన్న హాయి. చెవి పైన ఒక మెట్టు పడిందనుకో, రెండు వారాలు టోపీ పెట్టుకుంటాడు, తిట్టుకుంటాడు, మొలుస్తుంది, మళ్ళీ నీ దగ్గరికే వస్తాడు, ఎందుకంటే దగ్గర్లో ఇంకో సెలూన్ లేదు. గడ్డం కింద తెగిందనుకో, పటిక రుద్దితే ఆగిపోతుంది. మావయ్య అయితే పటిక రుద్దుతూనే, "మీ చర్మం మరీ సుకుమారం సార్, ఇంట్లో బాగా చూసుకుంటున్నారన్నమాట" అనేవాడు, తెగినవాడు మురిసిపోయేవాడు. ఒకసారి రెండు చెంపలూ సమానంగా రాక, తగ్గించి తగ్గించి, ఆఖరికి చెయ్యడానికేమీ మిగల్లేదు, మావయ్య వెనక్కి జరిగి ఒక కన్ను మూసి చూసి, "మీ ఎడమ చెవే కొంచెం కిందికి ఉంది సార్, అది దేవుడు చేసిన తప్పు, మేమేం చెయ్యగలం" అన్నాడు. పాపం ఆ మనిషి ఇప్పటికీ అద్దం చూసినప్పుడల్లా ఎడమ చెవి పైకి లాక్కుంటాడు. ఇక్కడ ఆ నవ్వులేవీ పనికిరావు. ఇక్కడ తప్పు మొలవదు. అల్లుడు వేలితో చిగురు నొక్కాడు. తెల్లబడింది. వదిలాడు. గులాబీ రంగు వచ్చింది. అమ్మయ్య అనుకున్నాడు, అనుకున్నాక కూడా వేలు తియ్యలేదు.

కాదని చెప్పేద్దాం. నాలుగు పదులు దాటిన వయసులో, పదో తరగతి కూడా సరిగ్గా గట్టెక్కని బుర్రతో, ఆ మందుల పేర్లు, ఎముకల పేర్లు, సూది ఏ కోణంలో దిగాలి, ఎవడు నేర్పుతాడు, ఎప్పుడు నేర్చుకుంటాడు. నేర్పేవాడుంటే ఏదైనా వస్తుందని అమ్మ అనేది, నాన్న పోయిన ఏడాది అతని చెయ్యి పట్టుకుని సెలూన్ గుమ్మంలో నిలబెట్టి, "అన్నయ్యా, వీడికి ఏదో ఒకటి నేర్పు" అంది. మావయ్య కత్తెర చేతిలో పెట్టాడు. ఎవరి తల మీద నేర్చుకోవాలి? ఎవడిస్తాడు తల? మావయ్యే కుర్చీలో కూర్చుని, తనే మెడకి గుడ్డ చుట్టుకుని, "కొయ్యరా అల్లుడూ, చెవులు మాత్రం వదిలెయ్, కళ్ళజోడుకి కావాలి" అన్నాడు. ఆ ఒత్తయిన నల్లటి జుట్టు, దాని మీద ఎంత గర్వం ఆయనకి! అల్లుడు కోశాడు. మెట్లు మెట్లుగా, గుంతలు గుంతలుగా, మేకలు పడి మేసినట్టు. ఆ తలతోనే మావయ్య వీధిలో తిరిగాడు, టోపీ పెట్టుకోలేదు, అడిగినవాళ్ళందరికీ "కొత్త ఫ్యాషన్, మా అల్లుడు కనిపెట్టాడు, మీక్కూడా చెయ్యమంటారా?" అనేవాడు. కాస్త పెరగ్గానే మళ్ళీ కూర్చునేవాడు. అల్లుడి చెయ్యి కుదిరేసరికి ఆయన జుట్టు సగం పలచబడిపోయింది. అలాంటి మనిషి దగ్గరికెళ్ళి, మావయ్యా నేను రెండో కుర్చీ వదిలేస్తున్నాను అని ఏ నోటితో చెప్పాలి. ఆ నోరే అసలు సమస్య. ఊరందరి సంగతులూ చెప్పిన నోరు తన సంగతి దగ్గరికి వచ్చేసరికి మూతపడిపోతుంది.

చెవి కాస్త చల్లగా అనిపించింది. సీసా మార్చాడు, దానికి గుడ్డ చుట్టాడు, కాలుతుందేమోనని తన చెంపకి ఆనించి చూసుకుని పెట్టాడు. ఇక్కడికి మొదటిసారి వచ్చింది కూడా ఒక మెషీన్ కోసమే. ఆస్పత్రిలో జుట్టు తీసే మెషీన్ పాడైంది, జుట్టు అట్టలు కట్టిపోయిన ఒక పెద్ద కుక్కని ఎవరో వదిలేసి పోయారు, కాస్త వచ్చి తీసిపెడతారా అని డాక్టరమ్మ సెలూన్‌కి కబురు పెట్టింది. మావయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు, "వెళ్ళరా, గడ్డం కూడా చేసేయ్, నిద్రపోతే నురగతో మీసం పెట్టి రా" అన్నాడు. దుకాణానికి సెలవు రోజు అది. వెళ్ళాడు. బల్ల మీద కుక్క నిలువెల్లా వణుకుతోంది, కళ్ళు ఎక్కడున్నాయో కూడా తెలియట్లేదు జుట్టులో. మెషీన్ పెట్టే ముందు ఊరికే చెయ్యి వేశాడు, నడినెత్తి మీద, భయపడే పిల్లల తల మీద వేసినట్టు, బరువు పెట్టకుండా, అలాగని తియ్యకుండా. కాసేపటికి వణుకు అరచేతిలోకి వచ్చి ఆగిపోయింది. మెల్లగా తీస్తూ పోతే లోపల్నుంచి ఒక మొహం బయటపడింది. ఆ మొహం అతన్ని చూసింది. అంతే. అల్లుడికి ఒళ్ళు జలదరించింది, ఎందుకో ఇంటికెళ్ళి పడుకున్నాక గాని తెలియలేదు. అన్నేళ్ళూ అతను మనుషుల మొహాలు అద్దంలోనే చూశాడు. వాళ్ళూ అద్దంలోనే చూసేవాళ్ళు, అదీ వాళ్ళ మొహాన్నే, తప్పేమీ లేదు, డబ్బులిచ్చి వచ్చేది అందుకే. వెనక నిలబడి మాట్లాడే మనిషికి కళ్ళు ఏ రంగో ఎవరికీ తెలియాల్సిన పని లేదు. ఆ కుక్క మాత్రం అద్దం లేకుండా సూటిగా చూసింది, నువ్వా, సరే, కానివ్వు, అన్నట్టు.

ఆ తర్వాత ప్రతి సెలవు రోజూ ఇక్కడే. గోళ్ళు తీశాడు, చెవులు తుడిచాడు, కట్లు పట్టుకున్నాడు, ఒక గొర్రె అతని చొక్కా గుండీలు తినేస్తే విప్పుకుని బనీనుతో ఇంటికెళ్ళాడు. భార్య తలుపు తీసి, "ఎవరికిచ్చావు చొక్కా?" అంది. గొర్రెకి అన్నాడు. "ఆడ గొర్రేనా?" అంది. అంత హాస్యం ఆడే మనిషి, ఆస్పత్రిలో ఒక ముసలి పిల్లి చచ్చిపోయిన రోజు మాత్రం హాస్యం ఆడలేదు. అతని చేతుల్లోనే పోయింది అది. మందేమీ పని చెయ్యలేదు, డాక్టరమ్మ తల అడ్డంగా ఊపి, "పట్టుకుని ఉండండి చాలు" అంది, అతను పట్టుకునే ఉన్నాడు, చిన్న ఊపిరి, ఇంకా చిన్న ఊపిరి, ఆ తర్వాతది రాలేదు. ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చుని చేతులు చూసుకుంటుంటే భార్య మిషను ఆపి, కుడుతున్న గౌను ఒళ్ళో పెట్టుకుని, "అక్కడ ఇవీ ఉంటాయిగా మరి, పూర్తిగా వెళ్తే రోజూ ఉంటాయి, ఆలోచించుకో" అంది. ఔను అన్నాడు. "నువ్వు లేకపోతే అది ఒక్కతే పోయుండేది, అదీ ఆలోచించుకో" అంది. మళ్ళీ మిషను తొక్కింది. చూడు, రెండువైపులా కుట్టేసి వదిలేసింది, ఇప్పుడు అతను ఎటు తిరిగినా ఏదో ఒక కుట్టు లాగుతోంది.

గుర్ర్.

అల్లుడు ఉలిక్కిపడ్డాడు. మేనేజరు గురక పెడుతోంది. రోజూ కుర్చీ కింద పెట్టే గురక కాదిది, సన్నగా, ఈలలాగా, చివర ఎక్కడో తట్టుకుంటోంది. పొట్ట లేస్తోంది గాని లేవాల్సినంత లేవట్లేదు. చిగురు నొక్కాడు, తెల్లబడింది, వదిలాడు, తెల్లగానే ఉంది, ఉంది, మెల్లగా, బద్ధకంగా రంగు వచ్చింది. "డాక్టరమ్మా!" అని అరిచాడు, అరుస్తూనే చెయ్యి తనంతట తాను కదిలింది, ఇందాక పౌడరు చల్లిన ఆ చెయ్యే, రెండు వేళ్ళు దవడ కింద పెట్టి గడ్డం ఎత్తింది. గీసే ముందు కుర్చీలో నిద్రపోయినవాడి గడ్డం ఎత్తినట్టు, మెడ సాగేలా, గొంతు తిన్నగా వచ్చేలా. ఇంకో చేత్తో నాలుక పక్కకి లాగాడు. తన తొడ మీద నుంచి తల కిందికి జారి, మెడ మడతపడి ఉంది, తను ఆలోచనల్లో ఉండి చూసుకోలేదు. ఈల ఆగింది. ఒక పెద్ద ఊపిరి, పొట్టంతా నింపుకుని. మళ్ళీ ఇంకొకటి. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి, గొట్టం చెవిలో పెట్టుకుని విని, చిగురు చూసి, అతని రెండు వేళ్ళు చూసింది. "అలాగే ఉంచండి. తలకింద గుడ్డ మడిచి పెట్టండి, మెడ వంగకుండా. పిలిచారు, మంచిపని" అంది. అంతే అంది, వెళ్ళిపోయింది, ముందు గదిలో ఎవరి బుట్టలోనో పిల్లి గోల పెడుతోంది. అల్లుడి వీపంతా చెమట. తప్పు చేసిందీ ఈ చెయ్యే, దిద్దిందీ ఈ చెయ్యే, దీన్ని ఏం చేసుకోవాలిరా బాబూ!

గుడ్డ మడుస్తుంటే బల్ల మీద స్టీలు పళ్ళెంలో అది కనిపించింది. మేనేజరు కడుపులోంచి తీసిన వస్తువు. ఒకప్పుడు గుండ్రంగా, మెత్తగా, గులాబీ రంగులో ఉండేది, ఇప్పుడు ఏ రంగో చెప్పలేం. పౌడరు పఫ్. సెలూన్లో మొన్నటి నుంచి కనిపించని పఫ్, దానికోసం మావయ్య అతన్ని "మతిమరుపు సన్నాసీ, రేపు నన్ను కూడా ఎక్కడో పెట్టి మర్చిపోతావు" అని తిట్టిన పఫ్. డాక్టరమ్మ పట్టకారుతో పైకెత్తి ఏంటండీ ఇది అంటే అల్లుడికి చూడగానే తెలిసిపోయింది, అదేంటో, అక్కడికెలా వెళ్ళిందో కూడా. గిరాకీ లేని మధ్యాహ్నాలు మావయ్య ఆ పఫ్ గాల్లోకి ఎగరేసేవాడు, మేనేజరు ఒళ్ళు విరుచుకుని ఎగిరి పట్టుకునేది, దాని మూతి నిండా పౌడరు, మావయ్య "చూడరా, మేకప్ వేసుకుంది" అని నవ్వేవాడు. కుక్క తిండి మానేసి ముడుచుకుపోతే మాత్రం, "వీధిలో ఏదో తినుంటుంది వెధవ కుక్క, నాకేం తెలుసు" అన్నాడు. అని, దాన్ని భుజానేసుకుని ఇంత దూరం తనే మోసుకొచ్చాడు, అల్లుడు మోస్తానన్నా ఇవ్వలేదు. ఇప్పుడు ఈ తెర అవతల బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఇందాకటిదాకా ఆయన గొంతు వినిపించింది, పిల్లి తెచ్చినావిడతో "మీ పిల్లికి మీసాలు కాస్త ఎక్కువయ్యాయమ్మా" అంటూ. ఇప్పుడు వినిపించట్లేదు. మావయ్య అంతసేపు మాట్లాడకుండా ఉండడం అల్లుడు పుట్టి బుద్ధెరిగి వినలేదు.

పఫ్ సంగతి చెప్పకూడదు. గుడ్డ పీలిక అని చెబుదాం. అనుకుని, ఆ పళ్ళెం మీద దూది కప్పేశాడు, తిరిగొచ్చి కూర్చున్నాడు, తల సరిచేసి పెట్టాడు. ఎండ పలక తోక దాటి వెనక కాలు ఎక్కింది. మాట్లాడాలి కదా. "ఒరేయ్ మేనేజరూ," అన్నాడు, గొంతు కొత్తగా ఉంది, కస్టమర్లతో మాట్లాడే గొంతు కాదు. "నీకొక మాట చెప్పాలిరా. ఎవరితోనూ అనకు. నాకు ఇక్కడే ఉండిపోవాలనుంది. ఇందాక నీ మెడ పట్టుకున్నప్పుడు తెలిసింది. భయంగానే ఉంది, చాలా భయంగా ఉంది, మళ్ళీ పౌడరు వేసేస్తానేమో, మళ్ళీ ఎవరో చేతుల్లో పోతారేమో. పోయినా... పట్టుకునేవాడు ఒకడుండాలి కదరా. చదువుకుంటాను. మందుల పేర్లు గోడకి రాసుకుని గడ్డాలు గీస్తూ బట్టీపడతాను. అసలు భయం అది కాదు. మావయ్యకి ఎలా చెప్పాలో తెలియట్లేదు. ఆ రెండో కుర్చీ ఖాళీగా ఉంటే ఆయన చూడలేడురా. ఎవరితో వాదులాడతాడు? ఎవర్ని తిడతాడు? తన తల కోసుకోమని ఇచ్చిన మనిషికి నేను..." చెవి వెనక నిమిరాడు, కుర్చీ కింద రోజూ కాలితో నిమిరే చోటే.

చెవి కదిలింది.

రెప్ప కింద ఏదో పాకింది. ఒక కన్ను సగం తెరుచుకుంది, నీళ్ళు నిండి, ఎక్కడున్నానో తెలియక గోడ మీదికి, ఫ్యాను మీదికి, అటూ ఇటూ తిరిగి తిరిగి, ఆఖరికి అల్లుడి మొహం మీదికొచ్చి నిలిచింది. సూటిగా. దుప్పటి కింద తోక ఒక్కసారి గచ్చుని తట్టింది.

"అది లేచిందా, నేనే వచ్చి లేపాలా?" అంది తెర. తెర కాదు, తెర పట్టుకుని నిలబడ్డ మావయ్య. ఎప్పటి నుంచి నిలబడ్డాడో, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నాడు, తుడిచిన అద్దాలనే మళ్ళీ తుడుస్తున్నాడు. లోపలికొచ్చి, మోకాళ్ళు టకటకమంటుంటే కుక్క పక్కన కూలబడ్డాడు. కళ్ళజోడు పెట్టుకుని దాని పొట్ట చూశాడు, కట్టు చుట్టూ దిద్దిన గీత చూశాడు, మూలలు చూశాడు.

"గీత బాగా కొట్టావురా," అన్నాడు.

"దానికే తిట్లు తిన్నాను మావయ్యా."

"తినాలి మరి. కుక్క పొట్టకి చెంపలు దిద్దే వెధవని నిన్నే చూశాను." మేనేజరు మూతి మీద వేలితో రాశాడు, లేని పౌడరు తుడుస్తున్నట్టు. చాలాసేపు రాశాడు. "దీన్ని ఇక కింద పడుకోనివ్వకూడదు. గచ్చు చల్లగా ఉంటుంది, కుట్లకి మంచిది కాదు. నీ కుర్చీలో పడుకోబెడతాను. ఆ కుర్చీ ఎత్తు తగ్గిస్తే తగ్గుతుంది, పెంచితే పెరుగుతుంది, కుక్కకి హాయి."

"నా కుర్చీనా?" అన్నాడు అల్లుడు.

"నీదేముందిరా, ఖాళీ అవుతుందిగా. నన్ను చూడ్డానికి సెలవు రోజున వస్తావు, అదీ ఉచితంగా గడ్డం గీస్తేనే లోపలికి రానిస్తా. మిగతా రోజుల్లో తిట్టుకోడానికి నాకు మేనేజరుంది. అది నీకంటే నయం, ఎదురు చెప్పదు." కళ్ళజోడు మళ్ళీ తీశాడు. "ఈ స్పిరిట్ వాసన కళ్ళకి పడదురా నాకు."

డాక్టరమ్మ వచ్చి మేనేజరు కళ్ళలోకి చూసి, చిగుళ్ళు చూసి, లేచి నిలబడి అల్లుడి వైపు తిరిగింది. "ఊఁ, అది తలెత్తింది. మరి మీరు?"

"వస్తానండి," అన్నాడు అల్లుడు. "రేపే వస్తాను. పౌడరు డబ్బా ఇంట్లో పెట్టి వస్తాను."

"పఫ్ కూడా," అన్నాడు మావయ్య, పళ్ళెం మీది దూది వైపు చూడకుండా.

ఇద్దరూ కలిసి మేనేజరుని మెత్తటి పక్క మీదికి చేర్చారు, తల మావయ్య పట్టుకున్నాడు, నడుము అల్లుడు పట్టుకున్నాడు. పని అయిపోయింది. అల్లుడు గచ్చు మీది తువ్వాలు తీసి, అలవాటు చొప్పున గాల్లో ఫట్‌మని దులిపి, చేతి మీద వేసుకుని, తెర పక్కకి తీసి, ఇన్నేళ్ళూ బెంచీ మీదివాళ్ళని పిలిచినట్టే, రాగం తీస్తూ పిలిచాడు.

"తర్వాతెవరూ?"

బెంచీ మీద బుట్టలోంచి పిల్లి పలికింది.